మందు ఒక్కటే నింపాలా, కలిపి నింపాలా?

కాకినాడలో ఫార్మసీ పాఠాలు చెప్పే నన్ను ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: కొత్త మందును మనుషులకు మొదటిసారి ఇచ్చే పరీక్షలకు, క్యాప్సూల్‌లో మందు పొడి ఒక్కటే నింపడం మేలా, లాక్టోజ్ (పాల చక్కెర) లాంటివి కలిపి నింపడం మేలా?

మోతాదు పదుల మిల్లీగ్రాముల్లో ఉండి, పొడి సాఫీగా జారేదైతే ఒక్కటే నింపండి. కలిపిన వాటితో మందుకు పొసగుతుందో లేదో చూసే వారాల పని తప్పుతుంది. 25 నుంచి 50 మిల్లీగ్రాములకు పెంచాలన్నా తూకం మారిస్తే చాలు. నీటిలో తడవని పొడి మాత్రం కడుపులో ముద్దకట్టి కూర్చుంటుంది, జాగ్రత్త.

1 మిల్లీగ్రాము దగ్గర కథ మారుతుంది. సున్నా సైజు ఖాళీ క్యాప్సూలే సుమారు 96 మిల్లీగ్రాములు; ఒకదానికీ మరొకదానికీ కొన్ని మిల్లీగ్రాముల తేడా మామూలే. నింపాక తూచి లోపల 1 మిల్లీగ్రాము ఉందనడం, రావులపాలెం అరటిగెలల లారీని కాటా ఎక్కించి ఒక పండు తగ్గిందనడమే. 100 మైక్రోగ్రాములను కూడా తూచి పోసే యంత్రాలున్నాయి, మనలాంటి కాలేజీలకు అందవు. కాబట్టి ఇక్కడ కలపాల్సిందే. మందుకు సమానంగా లాక్టోజ్, ఆ మొత్తానికి మళ్లీ సమానంగా, అలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. పొడి యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్‌ను చివర్లో వేసి కాసేపే తిప్పాలి. ఎక్కువ తిప్పితే పొడి గింజలకు జిడ్డు పూతలా పట్టి, మందు కరగడం ఆలస్యమవుతుంది.

ఇక తొడుగు. మామూలుగా దాన్ని జంతువుల నుంచి తీసే జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్‌లో 13 నుంచి 16 శాతం నీరుంటుంది. ఆత్రేయపురం పూతరేకు తడిగుడ్డ తగిలితే మెత్తబడి, ఆరితే పెళుసుగా విరుగుతుంది కదా, ఇదీ అంతే. ఒక శ్రావణంలో మా ల్యాబ్ ఏసీ ఆగిన మధ్యాహ్నం, డబ్బా మూత తీసి ఉంచిన జెలటిన్ క్యాప్సూళ్లు మెత్తబడ్డాయి. చేతి యంత్రం ప్లేటు రంధ్రాల్లో అడ్డం తిరిగాయి, మూత నొక్కితే సొట్టపడ్డాయి. పక్కనే ఉన్న, మొక్కల సెల్యులోజ్‌తో చేసే హెచ్‌పీఎంసీ క్యాప్సూళ్లు బాగానే మూసుకున్నాయి. వాటిలో నీరు తక్కువ, అందుకే తేమ పడని మందుకూ అవే నయం. ధర ఎక్కువే, కరగడం కాస్త ఆలస్యంగా మొదలవుతుంది కూడా. అయినా గోదావరి గాలిలో పనిచేసేవాళ్లకు నా ఓటు వాటికే. జెలటినే వాడక తప్పదంటే, నింపే గంట వచ్చేదాకా డబ్బా సీలు తీయకండి.