తోలు మీద ‘శ్రీ’ చెక్కడానికి కొన్న పనిముట్ల పెట్టె: ఆరు నెలల వాడకం తరువాత

మా నాన్నగారి దుకాణం చిట్టా పుస్తకానికి తోలు అట్ట కట్టి, దాని మీద ‘శ్రీ’ చెక్కి ఇవ్వాలన్న కోరికతో ఆరు నెలల క్రితం ఆన్‌లైన్‌లో తోలు చెక్కే పనిముట్ల పెట్టె ఒకటి తెప్పించుకున్నాను. వెల 2,400 రూపాయలు. అందులో ఒక స్వివెల్ కత్తి (పిడి తిరిగే కత్తి), సుత్తితో కొట్టి ముద్ర వేసే ఏడు స్టాంపులు, గీతలు దించుకోవడానికి మొద్దు మొన గల స్టైలస్, ప్లాస్టిక్ తల ఉన్న సుత్తి, అరచేతి వెడల్పు తోలు ముక్క ఉన్నాయి. ఇటువంటి పెట్టెల గురించి నేను చదివిన సమీక్షలన్నీ ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని రాసినవే కాబట్టి, తెలుగు అక్షరం చెక్కబోయేవారికి ఇది ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పడం అవసరమనిపించింది.

మొదటి నిరాశ తోలు ముక్కతోనే ఎదురైంది. స్పాంజితో తడిపితే నీరు లోపలికి ఇంకకుండా బొట్లు కట్టి జారిపోయింది, స్టాంపు వేసి ఎంత గట్టిగా కొట్టినా ముద్ర కాసేపటికి పైకి లేచిపోయింది. అది క్రోమియం లవణాలతో ఊనిన (పదును చేసిన) తోలు, సంచులకూ చొక్కాలకూ బాగుంటుంది గాని చెక్కడానికి పనికిరాదు. చెక్కడానికి కావలసింది చెట్ల బెరడు, కాయల కషాయంతో ఊనిన తోలు, అంటే వ్యాపారులు వెజ్ ట్యాన్ అనేది. మన పల్లెల్లో లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క వేసి ఊనిన తోలుదీ ఇదే జాతి. అది తడిసినప్పుడు మెత్తబడి, కొట్టిన ముద్రను ఆరిన తరువాత కూడా నిలుపుకుంటుంది. చెక్కడం నేర్పే పెట్టెలో చెక్కడానికి వీలులేని తోలు పెట్టడం క్షమించరాని పొరపాటు, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవారు తప్పు తమ చేతిలోనే ఉందనుకుని మానేస్తారు. నేను విడిగా 3 మి.మీ. మందం గల వెజ్ ట్యాన్ తోలు కొనుక్కున్న తరువాతే అసలు పని మొదలైంది.

ఈ పెట్టెలో మెచ్చుకోదగినది కత్తి. పైన చూపుడు వేలు ఆనించడానికి జీను వంటి పట్టు ఉంటుంది, బొటనవేలూ మిగతా వేళ్లూ పట్టుకునే పిడి దాని కింద విడిగా తిరుగుతుంది. పైవేలితో ఒత్తుతూ, కింది వేళ్లతో పిడిని తిప్పుతూ, అలుగు ఒక కొన మాత్రమే తోలులో దిగేలా కాస్త వాల్చి తనవైపుకు లాగాలి. కోత లోతు తోలు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే చాలు. ఇంగ్లీషు ‘A’ మూడు తిన్నని కోతలతో అయిపోతుంది, మన అక్షరాల్లో అలా తిన్నగా పోయే గీత ఎక్కడో గాని దొరకదు. ‘శ్రీ’లో గుడిదీర్ఘం సుడి తిరగాలి, కిందుగా చుట్టుకొచ్చే క్రావడి కూడా ఎక్కడా విరగకుండా సాగాలి. మణికట్టు తిప్పితే వంపు మధ్యలో మూల తేలుతుంది, పిడి తిప్పితే వంపు నునుపుగా వస్తుంది. ఈ కత్తి పిడి ఎక్కడా పట్టేయకుండా, వదులుగా ఊగకుండా తిరుగుతుంది. అయితే దానితో వచ్చిన అలుగు సుమారు 9.5 మి.మీ. వెడల్పు ఉండటంతో, ఇరుకు వంపుల్లో వెనుక కొన ఈడ్చుకొచ్చి కోత అంచును చింపేసింది. 6 మి.మీ. ఏటవాలు అలుగు మార్చుకున్నాక ఆ బాధ తప్పింది.

అలుగు మొద్దుగానే వచ్చింది. సాన పట్టి, ఆపైన ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసిన తోలు పట్టీ మీద రుద్దిన తరువాతే అది తోలులో జారింది. ఆ తొందరలో అలుగును తుడవకుండా తడి తోలు మీద పెట్టాను. సాన మీద రాలిన ఇనుప రజను తగిలిన చోటల్లా నల్లని చుక్కలు తేలి, మొదటి అట్ట పాడైపోయింది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన కసిమితో గీత గీస్తే నల్లగా మారడానికి ఏది కారణమో ఇక్కడా అదే కారణం: కషాయంలోని వగరుకు ఇనుము తగలడం.

తడి పాళ్ల గురించి పెట్టెతో వచ్చిన కాగితంలో ఒక్క వాక్యమే ఉంది. నిజానికి సగం పని అక్కడే ఉంది. తడిపిన వెంటనే కోయకూడదు. తోలు రంగు దాదాపు మొదటి రంగుకు తిరిగి వచ్చి, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలేటప్పుడు కోయాలి. మరీ తడిగా ఉంటే గీతలు ముద్దగా మూసుకుపోతాయి, ఎండితే కత్తి మొరాయిస్తుంది. సరైన తడి ఉన్నప్పుడు స్టాంపు దెబ్బ పడిన చోట తోలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. మే నెలలో ఫ్యాను కింద కూర్చుంటే ఆ అదను నిమిషాల్లో దాటిపోతుంది కాబట్టి, చెక్కని భాగాన్ని ప్లాస్టిక్ కాగితంతో కప్పి ఉంచాలి.

స్టాంపుల విషయంలో ఈ పెట్టె తెలుగుకు సరిపోదు. కోత గీతకు బయటివైపు బెవెలర్ (కోత అంచును వాలుగా అణిచే స్టాంపు) పెట్టి కొడితే అక్షరం ఉబ్బెత్తుగా లేస్తుంది, లోపలివైపు కొడితే గుంట పడుతుంది. ఒక్కో దెబ్బకూ స్టాంపును సగం వెడల్పు కంటే తక్కువే జరుపుతూ పోవాలి, లేకపోతే మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఇచ్చిన రెండు బెవెలర్లలో చిన్నది కూడా 6 మి.మీ. ఉంది. అరచేయంత ‘శ్రీ’లోనే క్రావడికీ అక్షరం ఒంటికీ నడుమ సందు 3 మి.మీ.కు మించలేదు. ఇక సున్న లోపలికి, ఒత్తుల మధ్యకు ఆ స్టాంపు ఎలా దూరుతుంది? పైగా వాటి మూలలు పదునుగా ఉండి గాట్లు పెడుతున్నాయి, వాటిని తడిపి రుద్దే సన్నని గరుకు కాగితంతో అరగదీసుకోవలసి వచ్చింది. గీతలు కలిసే చోట రెండు కోతలు ఒకదాన్నొకటి దాటితే ఆ మూల లేచిపోతుందని కూడా పెట్టెతో వచ్చిన కాగితం చెప్పలేదు. తలకట్టు అక్షరాన్ని తాకే చోట వెంట్రుకవాసి ముందే కత్తి ఎత్తేయాలి.

సుత్తి, స్టైలస్ బాగానే ఉన్నాయి. కొట్టేటప్పుడు కిందికి తాండూరు నాపరాయి ముక్క వేసుకున్నాను, బల్ల మీద కంటే దెబ్బ నిలకడగా దిగింది. అక్షర రూపం కోసం రామభద్ర ఖతిని (ఫాంటును) పెద్దదిగా అచ్చు తీసి, ట్రేసింగ్ ఫిల్మ్ మీదకు ఎక్కించుకున్నాను. గీతలు లావుగా ఉండే ఖతి కావడంతో కోత రెండు అంచుల మధ్య తోలు తెగిపోకుండా నిలిచింది.

తెలుగు చెక్కాలనుకునేవారు ఈ పెట్టెను మొత్తంగా కొనవద్దని నా సలహా. ఇలాంటి కత్తి ఒకటి, సన్నని ఏటవాలు అలుగు ఒకటి, 2 మి.మీ. బెవెలర్ ఒకటి, చదరపు అడుగు వెజ్ ట్యాన్ తోలు విడివిడిగా తీసుకుంటే సరిపోతుంది. నేను చెక్కిన మూడో అట్ట ఇప్పుడు నాన్నగారి గల్లాపెట్టె మీద ఉంది. క్రావడి తోక దగ్గర పెద్ద బెవెలర్ పెట్టిన అర్ధచంద్రపు గాటు ఇంకా కనిపిస్తూనే ఉంది.