రోజూ నడిపే పికప్‌కి హెవీ డ్యూటీ అప్‌గ్రేడ్లు: ఏడేళ్లు, 1,60,000 కిలోమీటర్ల తర్వాత

నాది డబుల్ క్యాబ్ పికప్. మూడు లీటర్ల టర్బో డీజిల్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వారంలో ఐదు రోజులు ఆఫీసుకి వెళ్లొస్తాను, మిగతా రెండు రోజుల్లో ఒకరోజైనా వెనక రెండు టన్నుల ట్రైలర్ తగిలిస్తాను. ఇంట్లో ఇంకో బండి లేదు. పొద్దున తాళం తిప్పితే ఇది స్టార్ట్ కావాల్సిందే. నేను పెట్టించిన ప్రతి పార్టునీ ఈ లెక్కతోనే తూచాను. ఎంత పవర్ పెరిగిందన్నది నాకు రెండో ప్రశ్న.

మొదటి ఏడాదిలోనే రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించాను. అదే పెద్ద తప్పు. కంపెనీ ఇచ్చిన టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 450 న్యూటన్ మీటర్లు, దాన్ని 540 చేశామన్నారు. నిజంగానే బండి ఎగిరినట్టు వెళ్లేది, మొదటి నెల ఎవరు అడిగినా చేయించుకోమనే చెప్పాను. నాలుగో నెలలో గంటకు 70 దగ్గర, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తున్నప్పుడు, రోడ్డు అంచున గరుకు గీతలు ఎక్కినట్టు బండి వణకడం మొదలైంది. రెండు వారాలు రోడ్డునే అనుమానించాను. చివరికి మెకానిక్ గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద పట్టాడు. కొత్తలో ఎర్రగా, అద్దంలా ఉండే ఆయిల్ తుప్పు నీళ్ల రంగుకి తిరిగింది. గుడ్డ పీల్చుకున్న మచ్చ మధ్యలో సన్నటి నల్లపొడి మిగిలింది, కాలిన వాసన. ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పెరిగిన టార్క్‌ని పట్టుకోలేక జారుతోంది. జారిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ ఆయిల్ పాడు, ఆయిల్ పాడైన కొద్దీ మళ్లీ జారుడు. కన్వర్టర్ మార్చి గేర్‌బాక్స్ శుభ్రం చేసేసరికి పంతొమ్మిది రోజులు బండి లేదు.

ఆ పంతొమ్మిది రోజుల్లో ప్లాన్ మొత్తం తిరగరాశాను. రీమ్యాప్ తీయించి, కింది నుంచి పైకి రావాలనుకున్నాను: ముందు ఆగడం, తర్వాత మోయడం, తర్వాత చల్లబడటం, ఆఖరున పవర్.

బ్రేకుల దగ్గర చాలామంది పెద్ద డిస్కులతో మొదలుపెడతారు. నేను బ్రేక్ ఫ్లూయిడ్‌తో మొదలుపెట్టాను. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకూ మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకున్నాక అదే కనీసం 155కి పడిపోతుంది. రెండు టన్నుల బండికి రెండు టన్నుల ట్రైలర్ తోడైతే అదే వేగం నుంచి ఆపడానికి పుట్టే వేడి రెండింతలు. ఘాట్ దిగేటప్పుడు ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే గుండె జారిపోతుంది, ఒక్కసారి అనుభవమైంది చాలు. ఇప్పుడు రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ తప్పక మారుస్తాను. ముందు చక్రాలకు బరువు పనికి చేసిన ప్యాడ్లు వేయించాను. అవి చల్లగా ఉన్నప్పుడు మొదటి ఒకటి రెండు బ్రేకులకు కాస్త తక్కువ పట్టు ఇస్తాయి, దుమ్ము ఎక్కువ రాలుతుంది. అయినా మార్చే ఆలోచన లేదు. ట్రైలర్‌కి దాని బ్రేకులు దానికి ఉన్నాయి, వాటికి క్యాబిన్‌లో కంట్రోలర్ పెట్టించాను. ఇది లేకుండా రెండు టన్నులు లాగడం నా ఉద్దేశంలో చేయకూడని పని.

వెనక కమాను పట్టీలకు (లీఫ్ స్ప్రింగులకు) ఒక్కో పక్క ఒక అదనపు పట్టీ వేయించాను. సస్పెన్షన్‌లో గాలి నింపి బరువు మోయించే ఎయిర్ బ్యాగులు కూడా చూశాను, వద్దనుకున్నాను. అవి బరువునంతా ఛాసిస్ మీద ఒక్కచోటే మోపుతాయి. పైగా ఏది వేసినా డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న మొత్తం బరువు పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ట్రైలర్ ముక్కు బండి మీద మోపే బరువు ట్రైలర్ మొత్తం బరువులో సుమారు 10 నుంచి 15 శాతం ఉండాలి. రెండు టన్నులకు అది 200 నుంచి 300 కిలోలు, అదంతా మీ లోడు లెక్కలోకే వస్తుంది. అదనపు పట్టీ వల్ల ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ల మీద గట్టిగా కొడుతుంది. వెనక సీట్లో కూర్చునేవాళ్లు మొదట్లో సణిగారు. డంపర్లు (షాక్ అబ్జార్బర్లు) మార్చాక సగం తగ్గింది, మిగతా సగం ఉంది.

తర్వాత మీటర్లు. బండి డాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లు మంచి రోజు, చెడ్డ రోజు తేడా లేకుండా మధ్యలోనే నిలబడుతుంది. నాకు కావాల్సినవి గేర్‌బాక్స్ ఆయిల్ వేడి, టర్బోకి ముందు ఎగ్జాస్ట్ వేడి. ఎగ్జాస్ట్ సెన్సర్ కోసం మ్యానిఫోల్డ్‌కి, అంటే ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల ముక్కకి, రంధ్రం వేయాలి. దాన్ని బండి మీదే వేస్తామన్నవాళ్లకి దండం పెట్టి, విప్పి బయట పెట్టి వేసేచోటుకి వెళ్లాను. ఇనప రజను ఒక్క ముక్క టర్బో ఫ్యాన్‌కి తగిలినా పని అయిపోతుంది.

ఆ మీటరు నాకు డ్రైవింగే కొత్తగా నేర్పింది. పొడవాటి ఎత్తు, వెనక ట్రైలర్, పై గేరులో ఇంజన్ మూలుగుతోంది. ముల్లు 600 దాటి 650, 680... నిమిషం లోపే. నేను నొక్కిన కాలు తీయకుండా ఇంకా నొక్కేవాణ్ణి, ఇంజన్‌కి సాయం చేస్తున్నాననుకుని. నిజానికి కావాల్సింది కాలు కొంచెం వదిలి, ఒక గేరు దింపడం. ఆర్పీఎం పెరిగి శబ్దం హోరెత్తుతుంది, కానీ టర్బో గాలి ఎక్కువ తోస్తుంది, ఒక్కో తిప్పుకి కాలే డీజిల్ తగ్గుతుంది, ముల్లు మెల్లగా 580కి దిగుతుంది. 700 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచకూడదన్నది నేను పెట్టుకున్న గీత. ఏడేళ్లలో కొన్నవాటిలో ఏది ఉంచుకుంటావంటే మొదట ఈ మీటరే చెబుతాను.

గేర్‌బాక్స్‌కి విడిగా ఆయిల్ కూలర్ పెట్టించాను, రేడియేటర్ ముందు, లోపల థర్మోస్టాట్ ఉన్న రకం. చలిలో ఆయిల్ అతిగా చల్లబడినా మంచిది కాదు, అందుకే ఆ రకం. అదే ఎత్తు, అదే ట్రైలర్‌తో అంతకుముందు 114 చూపించిన మీటరు ఇప్పుడు 95 దగ్గర ఆగుతోంది. 40,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మారుస్తాను. 'లైఫ్‌టైమ్ ఆయిల్' అన్న మాటని ట్రైలర్ లాగేవాళ్లు నమ్మకండి.

టైర్ల విషయంలో నాకు బాధ ఉంది. 265/65 ఆర్17 తీసి 285/70 ఆర్17 వేశాను, చూడ్డానికి అంత బాగుందని. చుట్టుకొలత 7 శాతం పెరిగింది. అంటే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, ఇరుసులో ఉండే ఆఖరి గేర్లు, క్రౌన్ పినియన్, నిష్పత్తి 3.9 ఉన్నది 3.64 అయినట్టు లెక్క. లాగుడు కోసం ఇంత ఖర్చుపెట్టి, టైర్లతో చేజేతులా తగ్గించుకున్నాను. బండి ఎత్తు మాత్రం 27 మిల్లీమీటర్లే పెరిగింది. బ్రేకు దూరం పెరిగింది, మైలేజ్ పడింది, స్టీరింగ్ బరువెక్కింది. అవి అరగగానే పాత సైజులోనే, లోడ్ ఇండెక్స్ 120 ఉన్న రకానికి వచ్చేశాను. ఒక్కో టైరు 1,400 కిలోలు మోస్తుంది. గాలి మాత్రం పాత టైర్ల లెక్కన పెట్టకూడదు, ఈ రకానికి ఎక్కువ కావాలి.

ఇంజన్‌కి గాలి బాగా అందుతుందని అమ్మే ఇన్‌టేక్ కిట్ వల్ల శబ్దం తప్ప ఏమీ రాలేదు. నూనె పూసిన ఫిల్టర్ గాలి కొలిచే సెన్సర్‌ని మసిబార్చింది. తీసి కంపెనీ పేపర్ ఫిల్టరే పెట్టాను. టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది వేయించడం మాత్రం పనికొచ్చింది, ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు తేడా మీటరులోనే కనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక నాలుగో ఏట మళ్లీ రీమ్యాప్ చేయించాను, ఈసారి 500 దగ్గర ఆపమన్నాను. కింది ఆర్పీఎంలో టార్క్ ఒక్కసారిగా విరుచుకుపడకుండా నెమ్మదిగా ఎక్కేలా రాయించుకున్నాను. లాకప్ క్లచ్‌ని చంపేది ఆ కుదుపే. మూడేళ్లయింది, ఆ వణుకు మళ్లీ రాలేదు. చేసే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా తెలియజేశాను. ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకున్నాకే చేయించాను. మీరూ ఆ లెక్క చూసుకోండి. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్‌ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) తీసేద్దామని రెండుచోట్ల అడిగారు, ఒప్పుకోలేదు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. అది పక్కన పెట్టినా, మన వెనక బైక్ మీద వచ్చేవాళ్ల ముఖాన ఆ పొగ కొట్టే హక్కు నాకు లేదనిపించింది.

ఇప్పుడు ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఈ బండి మామూలు బండే. పక్కన కూర్చున్నవాళ్లకి ఏమీ తెలియదు, నాకు కావాల్సింది కూడా అదే. మైలేజ్ ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు కొత్తలో ఉన్నంతే వస్తోంది. పోయిన నెల ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు కింద సన్నటి నూనె తడి కనిపించింది, క్లిప్పు పట్టు సడలింది. పెద్ద టైర్ల రోజుల్లో అరిగిన ముందు బాల్ జాయింట్లు కూడా కొద్దిగా ఆడుతున్నాయి. పైపు, జాయింట్లు ఆర్డర్ పెట్టాను. అవి బిగించి వీల్ అలైన్‌మెంట్ చేయించేదాకా ట్రైలర్ తగిలించను.