లాస్ వేగస్‌లో బ్లాక్‌జాక్: ఎక్కడ ఆడాలి, ఎక్కడ దిగాలి

21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట బ్లాక్‌జాక్. అది ఆడడానికే లాస్ వేగస్ వెళ్లేవాళ్లు హోటల్ కంటే ముందు టేబుల్ వెతుక్కోవాలి. గది, బస్సు, భోజనం అన్నీ ఆ తర్వాతే. ముక్కలు లెక్కపెట్టడం వంటపట్టడానికి నెలలు పడుతుంది. అంత కష్టపడి నేర్చుకున్నదంతా సరికాని టేబుల్ దగ్గర కూర్చుంటే గంటలో దండగ అయిపోతుంది. అందుకే ఊరి గురించి ఏం చెప్పినా లెక్కపెట్టి ఆడేవాడి వైపు నుంచే చెబుతున్నాను.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. హై-లో లెక్కలో 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపుతాం. 7, 8, 9 పడితే వదిలేస్తాం. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేస్తాం. చిన్న ముక్కలు ముందే వెళ్లిపోయాయంటే మిగిలిన పేకలో పదులు, ఆసులు దట్టంగా ఉన్నాయని అర్థం. అప్పుడు బ్లాక్‌జాక్‌లు (మొదటి రెండు ముక్కల్లోనే ఒక ఆసు, ఒక పది విలువ ముక్క) ఎక్కువ పడతాయి, వాటికి మనకు అదనంగా చెల్లిస్తారు. డీలర్ 21 దాటిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. వచ్చిన లెక్కను ఇంకా పంచని డెక్కుల (52 ముక్కల పేక కట్టల) సంఖ్యతో భాగించాలి. లెక్క +6 ఉండి మూడు డెక్కులు మిగిలితే అసలు లెక్క +2.

రూల్స్ బాగున్న టేబుల్ దగ్గర, బేసిక్ స్ట్రాటజీ (మన చేతిని, డీలర్ చూపించే ముక్కను బట్టి ఏం చేయాలో చెప్పే పట్టిక) తప్పకుండా ఆడేవాడి మీద క్యాసినోకు ఉండే పైచేయి సుమారు అర శాతం. అసలు లెక్క ఒక్కో అంకె పెరిగినకొద్దీ దాదాపు ఇంకో అర శాతం మన వైపు జరుగుతుంది. +1 దగ్గర ఇద్దరూ సమానం, +2 నుంచి మొగ్గు మనది. అక్కడ పందెం పెంచుతాం, మిగతా సేపంతా కనీస పందెంతో ఓపిక పడతాం. పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు, ఒక్క అంకె గుర్తుంటే చాలు. పక్కవాళ్లు కబుర్లు చెబుతున్నా, డ్రింక్ ఏం కావాలని ఎవరైనా వచ్చి అడిగినా ఆ అంకె మాత్రం చెదరకూడదు.

ముందు స్ట్రిప్ సంగతి, అంటే పెద్ద క్యాసినో హోటళ్లు వరసగా ఉన్న రోడ్డు. కళ్లు చెదిరే అందమంతా ఇక్కడే ఉంది, చెడ్డ బ్లాక్‌జాక్ కూడా ఎక్కువగా ఇక్కడే ఉంది. తక్కువ పందెం టేబుళ్లలో చాలావాటి గుడ్డ మీదే బ్లాక్‌జాక్‌కు 6:5 చెల్లిస్తామని అచ్చు వేసి ఉంటుంది. పాత పద్ధతి 3:2. చూడ్డానికి చిన్న తేడా. 25 డాలర్ల పందెం మీద బ్లాక్‌జాక్ పడితే 3:2 టేబుల్‌లో 37.50 వస్తుంది, 6:5 టేబుల్‌లో 30 మాత్రమే. బ్లాక్‌జాక్ సుమారు 21 చేతులకు ఒకసారి పడుతుంది కాబట్టి వంద చేతులు ఆడేసరికి 30 డాలర్ల పైనే పోతుంది. శాతంలో చూస్తే క్యాసినో పైచేయి ఇంకో 1.4 పెరిగినట్టు. లెక్కపెట్టేవాడు గంటకు సగటున ఆశించే లాభమే ఇంచుమించు ఒకటి రెండు కనీస పందేలు. ఆ మొత్తాన్ని ఈ ఒక్క రూలే తినేస్తుంది. స్ట్రిప్ మీద 3:2 కావాలంటే కనీస పందెం ఎక్కువున్న టేబుల్‌కో, హై లిమిట్ గదికో వెళ్లాలి. జేబు దానికి సిద్ధంగా లేకపోతే స్ట్రిప్‌ను చూసి ఆనందించి, ఆట వేరేచోట ఆడుకోవడం మంచిది.

చెల్లింపు ఒక్కటే చూస్తే చాలదు. సాఫ్ట్ 17 (ఆసును పదకొండుగా లెక్కేస్తే వచ్చే 17) మీద డీలర్ ఇంకో ముక్క తీసుకుంటాడా, ఆగుతాడా అన్నది చూడాలి. తీసుకుంటే మనకు సుమారు 0.2 శాతం నష్టం. అంతకంటే ముఖ్యం, కట్ కార్డ్ (ముక్కలు మళ్లీ ఎప్పుడు కలపాలో గుర్తుగా పెట్టే కార్డు) ఎక్కడ పెడుతున్నాడన్నది. ఆరు డెక్కుల షూలో (ముక్కలు పెట్టి పంచే పెట్టెలో) చివరి డెక్కు దగ్గర కట్ కార్డ్ ఉంటే లెక్క పెరగడానికి చోటు ఉంటుంది. రెండు డెక్కులు వెనక మిగిల్చి మళ్లీ కలిపేస్తే, మనకు మంచి లెక్క వచ్చే సమయానికే ఆట ముగుస్తుంది. ఎంత లోతుకి పంచుతున్నారన్న సంగతి ఏ బోర్డు మీదా రాయరు. టేబుల్ వెనక నిలబడి ఒక షూ పూర్తిగా చూడాల్సిందే. నా దృష్టిలో ఈ యాత్రలో అన్నిటికంటే విలువైన సమయం అలా ఊరికే నిలబడి చూసిన సమయం. ముక్కల్ని నిరంతరం కలిపే మెషిన్ కనిపిస్తే మాత్రం ఆగక్కర్లేదు. పడిన ముక్కలు వెంటనే మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి కాబట్టి అక్కడ లెక్కకు అర్థమే లేదు.

స్ట్రిప్‌లో లెక్కపెట్టేవాడికి అనుకూలమైన విషయం ఒకటుంది. క్యాసినోలు పక్కపక్కనే ఉంటాయి, నడక వంతెనలు ఉంటాయి. లెక్కపెడుతున్నారని పసిగడితే క్యాసినోలు ఆడనివ్వకపోవచ్చు కాబట్టి ఒకచోట గంటకు మించకుండా ఆడి, నడుచుకుంటూ ఇంకోచోటికి వెళ్లిపోవచ్చు. కాకపోతే పేర్లు ఎన్ని ఉన్నా యజమానులు కొద్దిమందే. ఎంజీఎం రిసార్ట్స్, సీజర్స్ ఎంటర్‌టైన్‌మెంట్ ఈ రెండింటి చేతుల్లోనే స్ట్రిప్ క్యాసినోలు చాలా ఉన్నాయి. ఒకచోట మన ఆట వద్దన్నారంటే అదే కంపెనీకి చెందిన మిగతాచోట్ల కూడా మన ఫొటో ఉండొచ్చనే అనుకోవాలి. ఏ క్యాసినో ఎవరిదో బయల్దేరే ముందే ఒక కాగితం మీద రాసుకుంటే ఎటు నుంచి ఎటు తిరగాలో తెలుస్తుంది.

పాత డౌన్‌టౌన్, అంటే ఫ్రీమాంట్ స్ట్రీట్, నాకు బాగా నచ్చింది. ఎల్ కోర్టెజ్ 1941లో తెరిచిన క్యాసినో. 3:2 చెల్లించే సింగిల్ డెక్ ఆటకు దానికి చాలాకాలంగా పేరుంది. ఒకే డెక్కు అనగానే మొదటిసారి వెళ్లేవాళ్లు ఎగిరి గంతేస్తారు గానీ కొంచెం నిదానించాలి. సింగిల్ డెక్‌లో టేబుల్ నిండా జనం ఉంటే ఒకటి రెండు రౌండ్లకే మళ్లీ కలుపుతారు. ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడే అది నిజంగా మంచి ఆట. పందెం పెంచితే అక్కడ ఇట్టే కనబడుతుంది కూడా. ఆరు డెక్కుల షూలో పందెం పన్నెండు రెట్ల దాకా పెంచేవాళ్లు ఉంటారు, సింగిల్ డెక్‌లో రెండు మూడు రెట్లు పెంచినా సూపర్‌వైజర్ అటే చూస్తాడు. అందుకే రెండు డెక్కుల ఆట నాకు సౌకర్యంగా అనిపిస్తుంది. ఫ్రీమాంట్‌లో క్యాసినోల మధ్య దూరం తక్కువ, డీలర్లు మాట కలుపుతారు. 1906 నాటి గోల్డెన్ గేట్, 1946 నాటి గోల్డెన్ నగ్గెట్ లాంటి పాత కట్టడాల మధ్య తిరగడం ఆటతో సంబంధం లేకుండానే బాగుంటుంది.

ఊరివాళ్లు వెళ్లే క్యాసినోలు మూడో రకం. సమ్మర్లిన్‌లో రెడ్ రాక్, హెండర్సన్‌లో గ్రీన్ వ్యాలీ రాంచ్ లాంటివి. గొడవ తక్కువ, పార్కింగ్ తేలిక, కనీస పందేలు కూడా స్ట్రిప్ కంటే అందుబాటులో ఉంటాయి. కానీ అక్కడికి రోజూ వచ్చే ముఖాలు సిబ్బందికి తెలుసు. కొత్త మనిషి వచ్చి పందెం హెచ్చుతగ్గులు చేస్తుంటే త్వరగా కంట్లో పడతాడు. కారు లేకపోతే ఈ రకం క్యాసినోల జోలికి పోవద్దు. ట్యాక్సీ ఖర్చుకే ఆశించిన లాభం సరిపోతుంది.

ఇక బస. నా మాట ఒక్కటే: ఆడేచోట దిగొద్దు. ఆట ఆపమన్నప్పుడు బయటికి కూడా వెళ్లమంటే, అదే హోటల్లో సామాను పెట్టుకుని ఉన్నవాడి ఇబ్బంది మామూలుగా ఉండదు. గది ఎవరి పేరు మీద ఉందన్నది కూడా వాళ్లకు సులువుగా తెలిసిపోతుంది. ప్లేయర్స్ కార్డ్ (క్యాసినో ఇచ్చే సభ్యత్వ కార్డు) వాడితే ఉచిత గది, భోజనం ఇస్తారన్నది నిజమే, కానీ అది మనం సగటున ఎంత పోగొట్టుకుంటామని వాళ్లు అంచనా వేస్తారో దాన్నిబట్టి ఇచ్చేది. ఆ కార్డుతో ఆడిన ప్రతి గంటా మన పేరు మీద నమోదవుతుంది. చిన్న పందేలవాడికి ఉచిత గది కంటే పేరు బయటపడకపోవడమే లాభం.

క్యాసినో లేని హోటల్ దొరికితే అన్నిటికంటే నయం. స్ట్రిప్ మధ్యలో ఆరియా, బెల్లాజియోలకు దగ్గరగా ఉండే వీడారా అలాంటిదే. క్యాసినో లేదు, పొగ లేదు, గదిలోనే చిన్న వంటగది ఉంటుంది. ఎంజీఎం ఆధ్వర్యంలోనిదే కాబట్టి అందులో దిగినవాళ్లు ఆట వేరే కంపెనీ క్యాసినోల్లో చూసుకోవాలి. పొగ సంగతి చిన్నదిగా తీసుకోవద్దు. చాలా క్యాసినోల్లో సిగరెట్ కాల్చనిస్తారు. గంటల తరబడి ఆ పొగలో కూర్చుంటే కళ్లు మండి, తల బరువెక్కి లెక్క తప్పుతుంది. పార్క్ ఎంజీఎం 2020 నుంచి పొగ లేని క్యాసినోగా నడుస్తోంది. ఊపిరి ఆడటానికి అక్కడికి వెళ్లి కూర్చున్నా బాగుంటుంది. ఫ్రీమాంట్‌లో బస చవకే గానీ వీధి కచేరీల హోరు రాత్రి బాగా పొద్దుపోయేదాకా వినిపిస్తుంది. నిద్ర లేనివాడు లెక్కపెట్టలేడు. వీధికి దూరంగా ఉండే గది ఇమ్మని ముందే అడగాలి.

గది ధర చూసేటప్పుడు రిసార్ట్ ఫీజు కలిపి చూడండి. హోటల్ సౌకర్యాలు వాడినా వాడకపోయినా రాత్రికి ఇంతని వేస్తారు. 2025 మే నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరనే ముందు చూపించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెచ్చింది, అప్పటినుంచి పోల్చుకోవడం తేలికైంది. కారులో వెళ్తే స్ట్రిప్‌లో చాలాచోట్ల పార్కింగ్‌కు కూడా వేరే డబ్బు.

తిరగడానికి డ్యూస్ బస్సు చాలు. స్ట్రిప్ నుంచి ఫ్రీమాంట్ దాకా రోజంతా, రాత్రంతా నడుస్తుంది. సాయంత్రాలు నెమ్మదిగా కదులుతుంది, అంతే. మోనోరైల్ ఎంజీఎం గ్రాండ్ నుంచి సహారా దాకా స్ట్రిప్ తూర్పు వైపున వెళ్తుంది. ఎయిర్‌పోర్టుకు వెళ్లదు, డౌన్‌టౌన్‌కు వెళ్లదు. నాకు పెద్దగా అక్కరకు రాలేదు. నాతో వచ్చిన మిత్రుడికి ఆట మీద ఆసక్తి లేదు. ఆయన బెల్లాజియో ఫౌంటెన్లు, పూల తోట ఉచితంగా చూసి, రెడ్ రాక్ కాన్యన్‌లో 13 మైళ్ల సీనిక్ డ్రైవ్ చేసి, నాకంటే సంతోషంగా తిరిగాడు. అక్టోబరు నుంచి మే దాకా ఆ డ్రైవ్‌కు ముందే టైమ్ బుక్ చేసుకోవాలి.

ఆట ఆపమనడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఒక క్యాసినోలో లెక్క బాగా పెరిగి నేను పందెం పెంచిన రెండో షూ మధ్యలో సూపర్‌వైజర్ వచ్చి, "మీ ఆట మాకు మరీ బాగుంది సార్, బ్లాక్‌జాక్ తప్ప ఇంకేదైనా ఆడుకోండి" అన్నాడు. గొంతులో దురుసుతనం లేదు. అయినా గుండె దడదడలాడింది. చిప్స్ తీసుకుని, థాంక్స్ చెప్పి బయటికి వచ్చేశాను. తలతో లెక్కపెట్టడం నెవాడాలో నేరం కాదు. ఫోనో మరో పరికరమో సాయం తీసుకుంటే మాత్రం జైలుకు పోయే నేరం. అయితే ఎవరితో ఆడాలో వద్దో నిర్ణయించుకునే హక్కు అక్కడి క్యాసినోలకు ఉంది. వెళ్లమన్నాక కూడా నిలబడితే అది అక్రమ ప్రవేశం అవుతుంది. వాదించి లాభం లేదు. న్యూజెర్సీలో పరిస్థితి వేరు. 1982లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అట్లాంటిక్ సిటీ క్యాసినోలు లెక్కపెడుతున్నాడన్న ఒక్క కారణంతో ఎవరినీ బయటికి పంపలేవు.

డబ్బు విషయంలో మనసు గట్టిగా ఉండాలి. ఆశించే లాభం గంటకు ఒకటి రెండు కనీస పందేలైతే, అటూ ఇటూ ఊగేది ఇరవై ముప్ఫై కనీస పందేల దాకా. లెక్క +4 దగ్గర పెద్ద పందెం పెట్టి, 20 చేతిలో ఉండగా డీలర్ 21 తీసినప్పుడు కలిగే బాధ నిజమైనది. అలాంటివి వరసగా రెండు మూడు తగిలితే టెన్షన్ తట్టుకోలేక పందెం ఇంకా పెంచాలనిపిస్తుంది. అప్పుడు లేచిపోవాలి. ఇంటి ఖర్చుల డబ్బు ఒక్క డాలర్ కూడా ఈ ఆటలోకి రాకూడదు. గెలిచినా పది వేల డాలర్లకు మించిన నగదు లావాదేవీని క్యాసినో ప్రభుత్వానికి నివేదిస్తుంది. అది మామూలు విషయం, దాన్ని తప్పించుకోవడానికి చిప్స్‌ను కొద్దికొద్దిగా నగదుగా మార్చుకోవడమే నేరం. డీలర్లకు టిప్పులే బతుకుదెరువు కాబట్టి నేను ఇస్తాను. కానీ లేచేటప్పుడు కొద్దిగా ఇస్తాను, ప్రతి చేతికీ ఇస్తూ పోతే మనకున్న సన్నని మొగ్గు మిగలదు.

వెళ్లే రోజుల ఎంపిక కూడా ఆటలో భాగమే. శుక్ర, శనివారాల్లో కనీస పందేలు పెంచేస్తారు, టేబుళ్లు కిక్కిరిసి గంటకు పడే చేతులు సగానికి తగ్గుతాయి. ఆదివారం రాత్రి దిగి గురువారం మధ్యాహ్నానికి బయల్దేరేలా టికెట్లు తీసుకోండి. తెల్లవారుజామున షిఫ్ట్ మారాక ఖాళీ టేబుల్‌లో ఒక్కరే కూర్చునే అవకాశం ఆ రోజుల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.