సర్కారు డయాలసిస్ సెంటర్‌లో నీళ్ల ప్లాంటు మీద నా ఫిర్యాదు

ఓరుగల్లు చుట్టుపక్కల ఏరియా దవాఖానల్లో డయాలసిస్ బెడ్లు పెట్టినంక వారానికి రెండు మూడు సార్లు హనుమకొండ దాకా పోయివచ్చే బాధ చాలామందికి తప్పింది. ఆరోగ్యశ్రీ కార్డు, వైరల్ మార్కర్ల (హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల) రిపోర్టు, అప్రూవల్, ఆరోగ్యమిత్ర డెస్కు సంగతులు ఈ బాటలో ఉన్నోళ్లకు కొత్త కాదు, వాటిని వదిలేస్తున్నాను. ఏండ్ల తరబడి మా ఇంటి పేషెంటుకు ఒకే సర్కారు సెంటర్‌లో చేయిస్తున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. నా కోపమంతా ఒక్కదాని మీదనే ఉంది. అది బెడ్ల గది వెనకాల ఉండే నీళ్ల ప్లాంటు.

మంచి సంగతి ముందు చెప్పాలి. ప్రతి సిట్టింగ్‌కూ, అంటే డయాలసిస్ చేసిన ప్రతిసారీ, రక్తాన్ని శుద్ధి చేసే ఫిల్టర్ కొత్తది వాడతారు. ఒకరి ఫిల్టర్‌నే కడిగి మళ్లీ మళ్లీ వాడే పద్ధతిలో హెపటైటిస్ సి అంటుకునే భయం ఎప్పుడూ ఉంటుంది. సింగిల్ యూజ్ ఫిల్టర్‌తో ఆ దారి మూసుకుపోయింది, పేషెంట్లకు ఇంతకంటే పెద్ద మేలు లేదు. ప్యాకెట్‌ను మన కళ్లముందే విప్పమని అడగొచ్చు, మా దగ్గర ఎవరూ విసుక్కోలేదు. మిషన్లు కూడా ప్రైవేటులో చూసినవాటికి తీసిపోవు.

అయితే ఎంత మంచి ఫిల్టరైనా, ఎంత కొత్త మిషనైనా పనిచేసేది నీళ్లతోనే. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు ఒక్క పేషెంటుకు 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. ఐదు బెడ్లు, మూడు షిఫ్టులు అనుకుంటే రోజుకు 1,800 లీటర్లు. ఆర్‌వో ప్లాంటు ఇంచుమించు అన్ని నీళ్లను బయటికి వదిలేస్తుంది కాబట్టి ట్యాంకులోకి మూడున్నర వేల లీటర్లకు పైనే చేరాలి. మిషన్లు కడిగే నీళ్లు దీనికి అదనం.

ఏప్రిల్ వచ్చిందంటే బోరు అడుగంటుతుంది, కష్టం అక్కడ మొదలవుతుంది. మిగిలిన బోరు నీళ్లలో ఉప్పదనం, సున్నం ఎక్కువ. ఆ సున్నాన్ని పట్టే సాఫ్ట్‌నర్‌ను ఉప్పునీళ్లతో కడుగుతుండాలి. ఉప్పు బస్తా అయిపోయి రెండు రోజులు కడగకపోతే సున్నం నేరుగా ఆర్‌వో మెంబ్రేన్ మీద పేరుకుంటుంది, వచ్చే నీళ్లు సగమైపోతాయి. బోరు చాలక మిషన్ భగీరథ నల్లా నీళ్లు కలిపితే మరో చిక్కు. వాటిలో క్లోరిన్ ఉంటుంది. తాగడానికి అది మంచిదే, కానీ డయాలసిస్‌లో ఆ నీళ్లకూ రక్తానికీ మధ్య పల్చటి పొర ఒక్కటే అడ్డం. క్లోరిన్ ఆ పొరను దాటి ఎర్ర కణాలను పగలగొడుతుంది. దాన్ని ఆపాల్సింది కార్బన్ ఫిల్టర్. కార్బన్ పాతబడితే ఆపలేదు. అందుకే ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష చేయాలి, లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. బోరు నుంచి భగీరథకు, భగీరథ నుంచి ట్యాంకరుకు నీళ్లు మారిన రోజు ఈ పరీక్ష మరీ తప్పనిసరి. పరీక్ష చేశారా అని అడగడం పేషెంటు హక్కు. అక్కడ పుస్తకంలో రాసి ఉంటుంది, చూపించమనండి.

ఇక అసలు దెబ్బ. ఎండకాలం మధ్యాహ్నం షిఫ్టులో, సిట్టింగ్ మొదలైన గంటన్నరకో రెండు గంటలకో నీళ్ల ప్రెషర్ పడిపోయి మిషన్లన్నీ ఒక్కసారే కూస్తాయి. ఆ క్షణం నుంచి శుద్ధి ఆగిపోతుంది. పంపు మాత్రం తిరుగుతుంది, పైపుల్లో రక్తం పోతూనే ఉంటుంది, పక్కన కూర్చున్నోళ్లకు అంతా సక్రమంగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. కాసేపు చూసి నీళ్లు రాకపోతే టెక్నీషియన్ సెలైన్‌తో రక్తాన్ని ఒంట్లోకి తిరిగి ఎక్కించి ముగిస్తాడు. అది సరైన పనే. ఎక్కువసేపు ఆగితే ఫిల్టర్‌లో రక్తం గడ్డకట్టి 200 మిల్లీలీటర్ల దాకా పోతుంది, హిమోగ్లోబిన్ ఏడెనిమిది ఉన్న మనిషికి అది చిన్న నష్టం కాదు.

నన్ను మండించేది ఆ తర్వాత జరిగేది. రెండు గంటలకే ఆపేసినా కార్డులో అది ఒక సిట్టింగ్‌గానే పడుతుంది. తర్వాతి సిట్టింగ్ మామూలు రోజుకే. ప్లాంటు పొద్దుగాలే మొరాయించిన రోజు కూడా ఊళ్లకు ఒక్క ఫోన్ రాదు. ములుగు జిల్లా పస్రా అవతలి నుంచి మొదటి బస్సు ఎక్కినోళ్లు వచ్చి వరండాలో కూర్చున్నాకే తెలుస్తుంది. పేషెంట్ల నంబర్లన్నీ రిజిస్టర్‌లో ఉన్నాయి, తలా ఒక ఫోన్ చేయడానికి పైసా బడ్జెట్ అక్కర్లేదు.

కాబట్టి ఎండకాలంలో వీలైతే పొద్దటి షిఫ్టు పట్టుకోండి, రాత్రి నిండిన ట్యాంకు అప్పటికి ఉంటుంది. మధ్యలో ఆగితే మొదలైన టైము, ఆగిన టైము, ముందూ తర్వాతా బరువు కార్డు మీద రాయించుకోండి. ఆ రాతను చూపించే మరుసటి రోజు అదనపు సిట్టింగ్ అడగాలి. నోటిమాటకు విలువ ఉండదు. ఒంట్లో మిగిలిపోయిన నీటినంతా తర్వాతిసారి ఒక్కసారే లాగేయమని మాత్రం అడగొద్దు. కిలోకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకూడదంటారు, అంటే 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. నాలుగు లీటర్లు తీయబోతే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి.

సిట్టింగ్ తగ్గిన రోజుల్లో రక్తంలో పొటాషియం పేరుకుని గుండెకు ముప్పు తెచ్చే భయం ఎక్కువ. ఎండకని అందరూ ప్రేమగా ఇచ్చే కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ రెండూ వద్దు. అరటిపండు, సపోటా, టమాట చారు కూడా ఆపాలి. కూరగాయలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో ఉండేది పొటాషియమే, దాన్ని ఇంట్లోకి రానీయొద్దు. కాళ్లు సత్తువ లేక కూలబడినా, గుండె తేడాగా కొట్టుకున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా ప్లాంటు బాగయ్యేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు పోవాలి.

మిగతావి క్లుప్తంగా. రక్తం పెరిగే ఇంజెక్షన్ ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు, అప్పుడు బయట కొనాల్సిందే. కిడ్నీ డాక్టరు రోజూ ఉండడు. టెక్నీషియన్లు ఓపికమంతులు, సూది గుచ్చడంలో చేయి తిరిగినోళ్లు, కానీ బెడ్లన్నిటికీ ఒక్కరే ఉన్న షిఫ్టులో ఎంత ఓపికైనా చాలదు. డయాలసిస్ వాళ్లకిచ్చే 2,016 రూపాయల పింఛను ఆటో ఖర్చులకు ఆసరా అవుతుంది. మేడారం జాతర వారంలో పల్లె బస్సులన్నీ అటు మళ్లుతాయి, ఆ వారానికి బండి ముందే మాట్లాడుకోవాలి.

ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి చేతిలో కలిపిన రక్తనాళం) బాగా నడుస్తూ, బీపీ నిలకడగా ఉండి, గంటలోపు దూరంలో ఉన్నవాళ్లు నిశ్చింతగా ఈ సెంటర్లకే పోవచ్చు. మేమూ మారలేదు, మారే ఆలోచన కూడా లేదు. మెడలో పెట్టిన గొట్టంతోనే (కాథెటర్) డయాలసిస్ నడుస్తున్నవాళ్లు, గుండె జబ్బు కూడా ఉన్నవాళ్లు మాత్రం కిడ్నీ డాక్టరు రోజూ ఉండే చోటే చేయించుకోవడం మేలు. ఏప్రిల్, మే నెలల వరకైనా అలా చూసుకోండి.