కొత్త కారు అడుగున ఎవరూ ఒప్పుకోని సొట్ట: నాలుగేళ్లు, 61 వేల కిలోమీటర్ల తర్వాత

ఈ కారు కొని నాలుగేళ్లయింది. మీటరు 61 వేలు దాటింది. పెట్రోలు బండి, 1.2 లీటర్ల ఇంజిను, మామూలు గేర్లు. మైలేజీ, సీట్లు, ఏసీ గురించి చివర్లో చెబుతాను. ముందు ఏడో నెలలో దాని అడుగున ఏం కనిపించిందో చెప్పాలి. కంపెనీ పేరు, షోరూం పేరు రాయడం లేదు. లిఫ్ట్ మీదకు ఎక్కే ఏ కారుకైనా జరగగలిగిన విషయమిది.

మాది కాకినాడ, ఉద్యోగం రాజమహేంద్రవరంలో. వారానికి మూడు రోజులు ఏడీబీ రోడ్డు మీద వెళ్లి వస్తాను. ఆ రోడ్డు గుంతల సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 6,800 కిలోమీటర్ల దగ్గర, పెద్దాపురం దాటాక, ముందు ఎడమ చక్రం పంక్చరయింది. అదృష్టవశాత్తూ పంక్చరు దుకాణం దగ్గరలోనే ఉంది. దుకాణం పెద్దాయన జాకీ పెట్టడానికి వంగి, పెట్టకుండానే లేచారు. "అమ్మా, కొత్త బండి కదా, కింద ఇలా ఉందేమిటి?" అన్నారు.

మోకాళ్ల మీద కూర్చుని ఫోను వెలుగులో చూశాను. డోర్ల కింద రెండు రేకులను కలిపి వెల్డింగ్ చేసిన అంచు ఒకటి పొడవునా ఉంటుంది. జాకీ ఎక్కడ పెట్టాలో తెలిపే గాళ్లు ఆ అంచు మీదే ఉంటాయి, అక్కడ రేకు లోపల అదనపు బలం ఇస్తారు. ఎడమవైపు ముందు గాడికి జానెడు వెనక ఆ అంచు లోపలికి మడతపడి ఉంది. పక్కనే ఫ్లోరు రేకు అరచేయంత మేర పైకి నొక్కుకుపోయింది. నల్లటి పూత చిట్లి లోపలి రేకు బయటపడింది. దాని మీద అప్పుడే పట్టిన ఎర్రటి తుప్పు పొడి.

నా మొదటి అనుమానం నా మీదే. ఎక్కడ తగిలించాను? ఏ రాయి ఎక్కించాను? మా అపార్ట్‌మెంటు ర్యాంపు దగ్గరా? ఏడు నెలల ప్రయాణాలన్నీ గుర్తు చేసుకున్నా, కింద పెద్ద చప్పుడు వినబడిన సందర్భం ఒక్కటీ తట్టలేదు. నా అవస్థ చూసి పెద్దాయనే చెప్పారు: "ఇది రాయి దెబ్బ కాదమ్మా. రాయి తగిలితే ముందు నుంచి వెనక్కి గీరుకుంటూ పోతుంది. ఇక్కడ గీతే లేదు. కింద నుంచి పైకి నొక్కితే వచ్చిన సొట్ట ఇది. లిఫ్ట్ చేయి పెట్టవలసిన చోట పెట్టలేదు." పంక్చరు డబ్బులు తీసుకున్నారు గానీ, ఈ మాటకు ఎంత ఇచ్చినా తక్కువే.

సర్వీస్ సెంటర్లలో రెండు స్తంభాల లిఫ్ట్ ఉంటుంది. దానికి నాలుగు చేతులు, చేతుల చివర రబ్బరు ప్యాడ్లు. ఆ నాలుగూ నాలుగు గాళ్ల కిందకు వస్తే టన్నుకు పైబడిన బండి కూడా క్షేమంగా లేస్తుంది. తొందరలో ఒక చేయి జానెడు పక్కకు పోతే, ఆ మూల బరువంతా పలుచటి ఫ్లోరు రేకు మీద పడుతుంది. బండిని దించాక పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. డోర్లు మామూలుగానే పడతాయి, రంగు మెరుస్తూనే ఉంటుంది.

ఆ రాత్రి ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటే ఇంకో ఆధారం దొరికింది. కారు తీసుకున్న వారానికి డబ్బు కట్టి అడుగుభాగానికి రబ్బరులాంటి నల్ల పూత వేయించాను. సముద్రం ఒడ్డున ఉంటాం, ఉప్పాడ వైపు వెళ్తే అలల తుంపర రోడ్డు మీదకు వస్తుంది, తుప్పు త్వరగా పడుతుందని. ఫ్యాక్టరీ నుంచి ట్రెయిలరు మీద వచ్చేటప్పుడే సొట్ట పడి ఉంటే, పూత ఆ మడత మీద కూడా ఉండాలి. కానీ మడత దగ్గర పూత పగిలి ఉంది. అంటే దెబ్బ పూత తర్వాతిది. పూత తర్వాత నా బండి లిఫ్ట్ ఎక్కింది రెండుసార్లే, మొదటి సర్వీసుకు, రెండో సర్వీసుకు. రెండూ అదే సర్వీస్ సెంటర్లో.

మర్నాడు అక్కడికి వెళ్లాను. మా వారు తోడు వచ్చారు. బండి నాది, నడిపేది నేను, మాట్లాడుతున్నది నేను, అయినా అక్కడ బండి సంగతులు మాట్లాడే సర్వీస్ అడ్వైజరు జవాబులన్నీ మా వారి వైపు తిరిగి చెప్పాడు. "ఎక్కడో స్పీడ్ బ్రేకరుకు తగిలి ఉంటుంది సార్, మేడం గమనించి ఉండరు." ఆ మాట ఈ రోజుకీ మంటగానే ఉంది. స్పీడ్ బ్రేకరు సంగతే చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు నా బండి నేలకు 19 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, నలుగురెక్కితే కొంత తగ్గుతుంది. మన వీధుల్లో కొలతకు కట్టినవి తక్కువే, ఒప్పుకుంటాను. కానీ తగిలితే ముందు తగలవలసినవి బంపరు అడుగు, ఇంజిను కింది రక్షణ పలక, సైలెన్సరు గొట్టం. వాటి మీద చిన్న గీత కూడా లేదు. డోరు కింద ఒక్క మూల మాత్రమే పైకి లేపే స్పీడ్ బ్రేకరు ఎక్కడుంది?

సర్వీసుకు బండి ఇచ్చినప్పుడు దాని పరిస్థితి, చేయవలసిన పనులు రాసుకునే పాత జాబ్ కార్డులు తీయించాను. బండి అప్పగించేటప్పుడు నాలుగు వైపులా ఉన్న గీతలు రాసుకున్నారు, అడుగుభాగం గురించి ఒక్క ముక్క లేదు. నాకు పనికొచ్చే రుజువు వాళ్ల కాగితంలో లేదు, వాళ్లకు పనికొచ్చే రుజువూ లేదు. అప్పుడు అడ్వైజరు ఇన్సూరెన్సు క్లెయిము పెట్టమన్నాడు, వెయ్యి రూపాయలు మీరు పెట్టుకుంటే మిగిలింది ఇన్సూరెన్సువాళ్లు ఇస్తారని. నేను ఒప్పుకోలేదు. క్లెయిము పెడితే మరుసటి ఏడాది రావలసిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, అది ఒక కారణం. అసలు కారణం వేరు. ఆ ఫారంలో నేనే ఫలానా చోట తగిలించానని రాసి సంతకం పెట్టాలి. జరగనిదాన్ని జరిగిందని నా చేతితో రాయలేను.

బండిని లిఫ్ట్ ఎక్కించి, నా ముందే కిందంతా చూపమన్నాను. అక్కడ కనబడింది నన్ను మరింత భయపెట్టింది. ఫ్లోరు కింద బ్రేకు పైపు, పెట్రోలు పైపు ప్లాస్టిక్ క్లిప్పుల్లో పక్కపక్కన వెళ్తాయి. సొట్ట దగ్గర ఒక క్లిప్పు విరిగి, బ్రేకు పైపు రేకుకు ఆనుకుని ఉంది. ఇంకా అరగలేదు. ఏడీబీ రోడ్డు కుదుపులకు ఇంకో ఏడాది రాసుకుంటూ ఉంటే ఏమయ్యేదో! వెనక సీట్లో నా పిల్లలు కూర్చునే బండి అది. అడ్వైజరు మొదటిసారి నా వైపు తిరిగి, "ఇది మార్చేస్తాం మేడం" అన్నాడు.

ఆ రోజే ఫొటోలు, రెండు సర్వీసుల తేదీలు, పూత వేయించిన రసీదు జతచేసి కంపెనీ కస్టమర్ విభాగానికి మెయిలు రాశాను. సర్వీసు రోజుల సీసీటీవీ దృశ్యాలు చూపమని అడిగాను. అవి లేవన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాననీ, రెండేళ్ల గడువులోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు నాకుందనీ చివర రాశాను. బెదిరింపుగా కాదు, చేయదలచుకున్నదే రాశాను. పన్నెండో రోజున కంపెనీ తరఫున ఒకాయన వచ్చి చూశారు. తప్పు తమదని రాయలేదు. "సౌహార్దంగా ఉచిత మరమ్మతు" అని రాశారు. ఆ పదం మీద గంటసేపు వాదించాను. చివరికి సొట్ట కొలతలు, స్థానం, చేసే పనులు జాబ్ కార్డులో రాయించుకుని సరేనన్నాను. ఆ వాదనలో ఓడిపోయానని ఇప్పటికీ అనిపిస్తుంది.

పని నాలుగు రోజులు పట్టింది. రేకు బయటకు లాగి, అంచు సరిచేసి, తుప్పు గీకి ప్రైమరు వేశారు. అతుకులకు సీలర్ పట్టించి పైన మళ్లీ నల్ల పూత వేశారు. డోరు కింద పెట్టెలాంటి బోలు భాగంలోకి తుప్పు పట్టకుండా మైనం పిచికారీ చేయించాలని నేనే పట్టుబట్టాను. వంగిన రేకు లోపలివైపు కూడా పూత చిట్లుతుంది, అటువైపు చేయి దూరదు. క్లిప్పులు కొత్తవి. చక్రాల అలైన్‌మెంటు కొలతలు పరిమితిలోనే ఉన్నాయి, ఆ కాగితం కూడా తీసుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి సర్వీసుకు ముందు నాలుగు గాళ్లనూ ఫోనులో తీసి, "అడుగుభాగం బాగుంది" అని జాబ్ కార్డులో రాయిస్తున్నాను. మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు నన్ను చూడగానే వాళ్లే టార్చి తెస్తారు.

ఇక కారు. ఊళ్లో లీటరుకు 13, హైవే మీద 18 వస్తోంది. ఏసీ మే నెల ఎండలో కూడా వెనక సీటు దాకా చల్లబరుస్తుంది. వెనక సీటు మాత్రం పొట్టిది, పొడవైనవారికి తొడల కింద ఆసరా చాలదు, మా అన్నయ్య విజయవాడ దాకా కూర్చుని నడుము పట్టుకున్నాడు. హెడ్‌లైట్ల వెలుగు వీధి దీపాలు లేని రోడ్డుకు చాలదు. ముందు సస్పెన్షన్ లింకు రాడ్లు 38 వేల దగ్గర మార్చాను, ఆ తప్పు బండిది కాదు, రోడ్డుది. టైర్లు 44 వేల దాకా వచ్చాయి. ఇంజిను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. బండి మీద నాకు కోపం లేదు, మళ్లీ కొనవలసి వస్తే ఇదే కొంటాను. అయితే డెలివరీ రోజున తాళాలు అందుకునే ముందే లిఫ్ట్ ఎక్కించి చూపమంటాను.

పోయిన నెల సర్వీసులో ఆ మూల మళ్లీ చూశాను. అంచు నిటారుగానే ఉంది, పైపు క్లిప్పుల్లో గట్టిగా ఉంది. సీలర్ చివర మాత్రం అంగుళం పొడవున ఎర్రటి గీత ఒకటి కొత్తగా కనిపించింది. వానలు మొదలయ్యేలోగా గీకించి మళ్లీ పూత వేయించాలి.