గాబన్ యాత్ర: మూడు లక్షల ఫ్రాంకుల విడిది, నలభై వేల ఫ్రాంకుల పల్లె

మూడు లక్షల సీఎఫ్ఏ ఫ్రాంకులు, అంటే మన లెక్కలో సుమారు 45 వేల రూపాయలు, అడ్వాన్సుగా కట్టి ఒక్క రాత్రి కూడా పడుకోకుండా తిరిగి వచ్చిన విడిది గురించి ముందు చెప్పకపోతే, ఈ యాత్రలో మిగతా వాటి గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

విశాఖలో ఫార్మసీ విద్యార్థులకు ఔషధ శాస్త్రం బోధించే నాకు, వేరు బెరడును మందుగానూ దీక్షలలోనూ వాడే ఇబోగా మొక్కను అది పుట్టిన చోటే చూడాలని చాలాకాలంగా కోరిక. మధ్య ఆఫ్రికా దేశమైన గాబన్ రాజధాని లిబ్రవిల్ శివార్లలో ఉన్న ఎన్‌కోక్ పారిశ్రామిక మండలంలో మా తమ్ముడు ప్లైవుడ్ మిల్లులో పనిచేస్తున్నాడు కనుక బస, భాష రెండూ కుదిరాయి. "వేరు ముక్క చూడటానికి ఇంత ఖర్చా?" అని మూడు నెలలు గొణిగిన మా వారు, లంబరేనే ఊరిలో డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ స్థాపించిన ఆసుపత్రి చూపిస్తానన్నాక ఒప్పుకున్నారు. జూలైలో, వానలు లేని కాలంలో, ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా వెళ్ళాము. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకొని, ఆ పసుపు కార్డును పాస్‌పోర్టుతో పాటే చేతిలో ఉంచుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు.

ఆ విడిది సముద్రపు ఒడ్డున, చూడముచ్చటగానే ఉంది. ఆరు రోజులకు మనిషికి 15 లక్షల ఫ్రాంకులు. విదేశీయుల కోసం నడిపే ఇటువంటి చోట్ల ఇబోగాను వ్యసనాలకూ మనోవేదనలకూ చికిత్సగా ఇస్తారు. ఈ వాడకానికి మూలం 1962లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన: హెరాయిన్‌కు బానిసైన హోవర్డ్ లోట్సాఫ్ అనే 19 ఏళ్ళ యువకుడు, మత్తు కోసమని ఇబోగైన్ (ఇబోగా బెరడులోని ముఖ్యమైన మందు పదార్థం) తీసుకొని, తేరుకున్నాక తనకు హెరాయిన్ మీద యావ పోయిందని గమనించాడు. 2024 జనవరిలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మెదడు గాయాలతో బాధపడుతున్న 30 మంది మాజీ సైనికుల ఫలితాలు ప్రచురించారు. నెల తరువాత వారిలో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గాయి. పోల్చి చూడటానికి మందు తీసుకోని మరో జట్టు ఆ అధ్యయనంలో లేదన్న సంగతి మాత్రం, విడిది వారు ఆ వార్తను అద్దాల ఫ్రేములో పెట్టి గోడకు తగిలించినప్పుడు వదిలేశారు. ఆ సైనికులకు ఇబోగైన్‌తో పాటు గుండె రక్షణకు మెగ్నీషియం కూడా ఇచ్చారన్నదీ వదిలేశారు.

ఇబోగైన్ గుండె కండరంలో పొటాషియం బయటికి పోయే దారులను అడ్డుకుంటుంది. దాని వల్ల ఈసీజీలో క్యూటీ వ్యవధి, అంటే గుండె ఒకసారి కొట్టుకొని మళ్ళీ సిద్ధమయ్యే సమయం, సాగి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇలా చనిపోయినవారు ఉన్నారు. అందుచేత నేను పరిశీలనగా, చాలా చిన్న మోతాదు మాత్రమే రుచి చూస్తాననీ, ముందు ఈసీజీ తీయించాలనీ మర్యాదగానే అడిగాను. నిర్వాహకుడు నవ్వి, "మీరు ఆరోగ్యంగానే కనిపిస్తున్నారు" అని రెండు పేజీల పత్రం నా ముందుకు జరిపాడు. గుండె జబ్బు ఉందా, మూర్ఛలు ఉన్నాయా, మందులు వాడుతున్నారా అన్న పదకొండు ప్రశ్నలకూ 'లేదు' అన్న గడిలో టిక్కులు ముందే పెట్టి ఉన్నాయి. అవి చేత్తో పెట్టినవి కూడా కావు, జెరాక్సులో వచ్చినవి. కింద నా సంతకానికి మాత్రం ఖాళీ ఉంది. ఆ ముందు వారమే గొంతు నొప్పికి అజిత్రోమైసిన్ వాడి ఉన్నాను. అది కూడా క్యూటీని సాగదీసే మందే. ఆ సంగతి చెబితే, "ఏమీ కాదు మదామ్" అన్నాడు.

సంతకం చేయకుండా లేచాము. అడ్వాన్సు తిరిగి ఇవ్వడం తమ పద్ధతి కాదన్నారు. తమ్ముడు ఫ్రెంచిలో రెండు గంటలు వాదించినా ఒక్క ఫ్రాంకు రాలేదు. కారులో మా వారు దారంతా ఒక్క మాట అనలేదు. గొణిగి ఉంటే బాగుండుననిపించింది.

లంబరేనే ప్రయాణం, ఒగోవే నది, 1913లో మొదలైన ఆసుపత్రి, అన్నీ సాఫీగా సాగాయి. ఈ ఊరి పేరుతోనే 1939 నుంచి ఫ్రాన్సులో ఇబోగైన్ ఉన్న మాత్రలు అలసట తీరడానికని దుకాణాలలో అమ్మేవారు. ఒక్కో మాత్రలో ఉండేది 8 మిల్లీగ్రాములే. ఇక భోజనం సంగతి: పెద్దాపురం వైపు పుట్టిన మా వారికి కర్రపెండలం అంటే సగ్గుబియ్యం మిల్లులే గుర్తుకు వస్తాయి. ఇక్కడ దానిని నానబెట్టి, పులియనిచ్చి, రుబ్బి, ఆకులో పొడవుగా చుట్టి ఉడికిస్తారు. మొదట ఆ పులిసిన వాసనకు ముక్కు మూసుకున్న మనిషి, చేప లేకుండా వండించుకున్న వేరుశనగ పులుసుతో నాలుగు తిన్నారు. ముగ్గురికీ కలిపి 7,500 ఫ్రాంకులు. అలక అక్కడ తీరింది.

మువిలా పట్టణం దాటిన తరువాత మిత్సోగో జాతి వారి పల్లె ఒకదానికి తమ్ముడి సహోద్యోగి తీసుకువెళ్ళాడు. ఇబోగా తిని దీక్ష పొందే బ్విటి అనే మతాచారం ఈ జనుల నుంచే ఫాంగ్ జాతి వారికి చేరింది. ఫాంగ్ వారి దగ్గర క్రైస్తవం కూడా అందులో కలిసింది. దీక్షలు నడిపే నాటు వైద్యుడిని, అంటే న్గాంగాను, కలవగానే ఆయన నన్ను కూర్చోబెట్టి వరుసగా అడిగాడు: రాత్రి నిద్ర పడుతుందా, గుండె దడదడలాడుతుందా, ఈ వారం ఏ మాత్రలు మింగావు? అజిత్రోమైసిన్ ఖాళీ అట్టను చూపించగానే తల అడ్డంగా ఊపి, మాకు బల్ల చూపించాడు. మేము చూసేవాళ్ళమే, తినేవాళ్ళం కాదు. నేను కట్టిన డబ్బుకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న, డబ్బు తీసుకోకముందే ఆయన అడిగాడు. అయితే అక్కడా ఈసీజీ యంత్రం లేదు. పల్లె కనుక ప్రమాదం ఉండదని ఎవరూ అనుకోవద్దు.

ఆ రాత్రి దీక్ష తీసుకుంటున్నది ఇరవై ఏళ్ళ కుర్రవాడు. దీక్ష పొందేవారిని బాంజీ అంటారు. ఒంటికి తెల్లసుద్ద పూసి, చెంచాలతో బెరడు పొడి తినిపించారు. ప్రతి చెంచాకూ మొహం ముడుచుకుపోయేది, తరువాత వాంతి. ఎనిమిది తీగల న్గోంబి వీణ మాత్రం ఆగలేదు. ఒకూమే చెట్టు బంకతో చేసిన కాగడా పట్టుకొని కుర్రాళ్ళు గుడి చుట్టూ తిరుగుతుంటే మా తమ్ముడు నా చెవిలో, "అక్కా, మా మిల్లులో పొరలు తీసేది ఈ చెట్టునే" అన్నాడు. తెల్లవారుజామున కూడా బాంజీ కళ్ళు తెరిచి ఎటో చూస్తూనే ఉన్నాడు. పెద్ద మోతాదులో ఈ స్థితి ఒక పగలూ రాత్రీ దాటుతుంది. పక్కన ఒక పెద్దామె వీపు నిమురుతూ అంతసేపూ కదలలేదు. గుడికి 40,000 ఫ్రాంకులు, బియ్యం, సబ్బులు, కొవ్వొత్తులకు 11,500, అంతే ఖర్చు.

పొద్దున గుడి వెనుక మొక్క చూపించారు. మనిషెత్తు పొద, నారింజ రంగు కాయలు. అనుమతి అడిగి ఒక ఆకు తుంచితే తెల్లని పాలు వేలికి జిగురుగా అంటాయి, అచ్చంగా మన పెరటి నందివర్ధనంలా. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, నందివర్ధనంలోనూ ఇబోగా జాతి ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ఆ మాట చెప్పగానే మా వారు మొదటిసారి ఆసక్తిగా వంగి, తానూ ఒక ఆకు తుంచి వాసన చూశారు.

లిబ్రవిల్ బజారులో ఒకామె పొట్లం కట్టిన బెరడు చూపించింది. ఎవరూ కొనవద్దు. గాబన్ దీనిని 2000లో జాతీయ వారసత్వంగా ప్రకటించింది, 2019లో ఎగుమతి ఆపేసింది. నా పెట్టెలోకి వచ్చింది ఆ రెండు పేజీల పత్రం ఒక్కటే. క్యూటీ పాఠం చెప్పే రోజున దానిని తరగతిలో అందరికీ చేతుల మీదుగా తిప్పుతున్నాను. మా వారు దానికి '45 వేల రూపాయల చార్టు' అని పేరు పెట్టారు.