1914 యుద్ధానికి అసలు కారణం: కూటములా, రైళ్లా, బ్లాంక్ చెక్కా?

గ్రూప్స్‌కి చదివే పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: "మొదటి ప్రపంచ యుద్ధానికి అసలు కారణం ఏది రాయాలి సార్?" సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య తక్షణ కారణమని అందరికీ తెలుసు. దాని వెనక ఏముందో చెప్పమంటేనే తలా ఒక మాట.

ఎక్కువమంది రాసేది కూటముల గురించి. ఒకరు దిగితే మిగతావాళ్లు దిగక తప్పలేదంటారు. నాకిది పూర్తిగా మింగుడుపడదు. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందంలో ఉన్న ఇటలీ 1914లో తటస్థంగా ఉండిపోయింది, మరుసటి ఏడాది అవతలి పక్షాన, అంటే బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల వైపు చేరింది. 1912-13లో బాల్కన్‌లో రెండు యుద్ధాలు జరిగినప్పుడూ ఇవే కూటములు ఉన్నాయి. అయినా పెద్ద రాజ్యాలు కొట్టుకోలేదు.

వలసల కోసం పోటీ ఎప్పటినుంచో ఉన్నదే. ఆ జులైలోనే ఎందుకన్న దానికి అందులో జవాబు దొరకదు.

సైన్యాన్ని తరలించే రైళ్ల టైమ్‌టేబుళ్లు ముందే ఖరారైపోయాయి, ఇక ఆపడం కుదరలేదన్న వాదన ఇంకాస్త గట్టిది. ఆగస్టు 1 సాయంత్రం బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చని కబురు రాగానే, ఫ్రాన్స్ మీదికి వెళ్లాల్సిన సైన్యమంతటినీ రష్యా వైపు తిప్పమన్నాడు జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్. సేనాధిపతి మోల్ట్‌కే కుదరదన్నాడు. ఏడాదంతా కష్టపడి వేసిన ప్లాన్‌ను అప్పటికప్పుడు మారిస్తే మిగిలేది తిండీ తిప్పలూ లేని గుంపేనని ఆయన భయం. సెర్బియాకు అండగా ఉన్న రష్యా కూడా జులై 30న మొత్తం సైన్యాన్ని సమీకరించి పరిస్థితిని ఇంకా బిగించింది. ఆ తప్పు వాళ్లదే. కానీ అంతదాకా ఎవరు తెచ్చారు?

అందుకే నేను జులై 5కే ఎక్కువ బరువిస్తాను. ఆ రోజు పాట్స్‌డామ్‌లో కైజర్ ఆస్ట్రియా రాయబారికి మాటిచ్చాడు: సెర్బియా మీద మీరేం చేసినా, రష్యా అడ్డొచ్చినా, మేం మీ వెంటే. మర్నాడు ఛాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ కూడా అదే ఖాయం చేశాడు. అదే బ్లాంక్ చెక్. ఆ అండ లేకుండా వియన్నా (ఆస్ట్రియా ప్రభుత్వం) ఇంత తెగించేది కాదని నా గట్టి నమ్మకం. ఆస్ట్రియాతో ఒకే సామ్రాజ్యంగా ఉన్న హంగరీ ప్రధాని టీసా మొదట యుద్ధం వద్దన్నాడు, ఆయన్ని కూడా ఒప్పించారు. జులై 23న 48 గంటల గడువుతో సెర్బియాకు అల్టిమేటం వెళ్లింది.

సెర్బియా చాలా షరతులకు తలొగ్గింది. ఆ జవాబును కైజర్ జులై 28 ఉదయం చదివి, యుద్ధానికి ఇక కారణమే లేదని దాని మీదే రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. తెల్లవారేలోపే బెల్‌గ్రేడ్ మీద ఫిరంగి గుండ్లు పడ్డాయి.